ధ్రువయాత్రికుడు సర్ ఎర్నెస్టు షాకిల్టను

భూగోళపటమున దక్షిణపు కొసను తెల్లగా కనబడు ఖండమును మన విద్యార్థులెల్లరు చూచియే యుందురు. అంటార్కిటికా యను నా ఖండమును ఎల్లకాలము మంచు కప్పియుండును. అచట పల్లె లేదు, పైరు లేదు, నీడనిచ్చు చెట్టు లేదు. ఏటేట కొన్ని మాసములు సూర్యుడే కానరాడు. అట్టి చోటికి మనుజు లేల పోయిరి? పోయి యేమి నేర్చిరి? ఈ ప్రశ్నలకు సర్ ఎర్నెస్టు షాకిల్టను జీవితము చక్కని సమాధాన మొసగును. ఆయన ధ్రువమును చేరలేదు. ఐనను ధ్రువయాత్రికులలో ఆయన నామము చిరస్మరణీయమై యున్నది.

షాకిల్టను 1874వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఐర్లండు దేశమునందలి కిల్డేరు మండలమున జన్మించెను. పదుగురు బిడ్డలలో ఆయన రెండవవాడు. తండ్రి తొలుత వ్యవసాయము చేయుచుండి, పిదప వైద్యవిద్య నభ్యసించి, కుటుంబముతో లండను ప్రాంతమునకు వచ్చి స్థిరపడెను. బాలుడు డల్విచ్ పాఠశాలలో చదివెను గాని తరగతిలో మొదటివాడు కాడు. పదునారవ యేట, అనగా 1890లో, బడి విడిచి తెరచాపల యోడలో పనికి కుదిరెను. త్రాళ్లు లాగుచు, తుపానులకు తాళుకొనుచు, తీరిక దొరికినపుడు చదువుకొని, 1898లో ఓడ నడపుటకు వలయు పెద్ద పరీక్షయందు కృతార్థుడయ్యెను. బడిలో కుదురని చదువు సముద్రముపై కుదిరెను.

1901లో కెప్టెను స్కాటు నాయకత్వమున అంటార్కిటికాకు బయలుదేరిన వారిలో షాకిల్టను ఒకడు. 1902 డిసెంబరు 30వ తేదీన స్కాటు, విల్సనులతో కూడ 82 డిగ్రీల 17 నిమిషముల దక్షిణ అక్షాంశము వరకు నడచెను. తాజా ఆహారము లేమిచే కలుగు స్కర్వీ రోగము ఆయనను పీడించెను. 1903లో ఆయనను ముందుగా ఇంటికి పంపివేసిరి. ఈ అవమానము ఆయన మనస్సును గాయపరచెను గాని క్రుంగదీయలేదు.

1907లో తానే నాయకుడై నిమ్రోడు అను చిన్న యోడపై మరల పోయెను. ముగ్గురు సహచరులతో మంచుపై నడచి, 1909 జనవరి 9వ తేదీన 88 డిగ్రీల 23 నిమిషముల అక్షాంశమును చేరెను. అంతకుముందు ఎవ్వరును అంతదూరము పోయియుండలేదు. ధ్రువము ఇక 97 సముద్రపు మైళ్లు మాత్రమే. కాని తిండి తరిగిపోయెను. ముందుకు పోయినచో ధ్రువమును చూడవచ్చును గాని, ముగ్గురు సహచరులతో బ్రతికి తిరిగివచ్చుట కల్ల. అందుచే ఆయన వెనుకకు మరలెను. తిరుగుదారిలో తన పాలి బిస్కత్తును నీరసించిన వైల్డు అను సహచరునికి బలవంతముగా తినిపించెను. నలువురును ప్రాణములతో ఓడ చేరిరి. ఆ యేడే ఆయనకు సర్ బిరుదు లభించెను.

1911 డిసెంబరు 14న నార్వే దేశీయుడైన అముండ్సెను ధ్రువమును చేరెను. నెల దాటిన పిమ్మట స్కాటు చేరి, తిరుగుదారిలో నలుగురు సహచరులతో కూడ మరణించెను. అపుడు షాకిల్టను ఖండమును ఒక తీరమునుండి మరియొక తీరమునకు దాటవలెనని సంకల్పించి, 1914లో ఎండ్యూరెన్సు నౌకపై బయలుదేరెను. బ్యూనస్ ఐరిస్ రేవున బ్లాక్‌బొరో అను యువకుడు దొంగచాటుగా ఓడలో దాగి వెంటవచ్చెను. మొత్తము 28 మంది. 1915 జనవరిలో ఓడ వెడెలు సముద్రపు మంచులో చిక్కుకొనెను. అక్టోబరులో మంచు దానిని నలిపివేయగా అందరును దిగి మంచుపై గుడారములు వేసిరి. నవంబరు 21న ఓడ మునిగిపోయెను.

బరువు తగ్గించుటకై షాకిల్టను తన బంగారు నాణెములను మంచుపై పారవేసెను. రాణి యొసగిన బైబిలునుండి కొన్ని పుటలు మాత్రము ఉంచుకొనెను. సహచరులలో ఒకని బాంజో వాద్యమును మాత్రము విడువనీయలేదు. నిరాశయు ఒక రోగమే యని, సంగీతము దానికి మందని ఆయన ఎరుగును.

1916 ఏప్రిలులో మూడు పడవలపై ఎలిఫెంటు దీవి చేరిరి. అటు ఏ యోడయు రాదు. అందుచే షాకిల్టను ఐదుగురిని వెంటబెట్టుకొని, ఇరువదిరెండున్నర అడుగుల పడవలో, ఇంచుమించు 800 మైళ్ల దూరముననున్న దక్షిణ జార్జియా ద్వీపమునకు బయలుదేరెను. పదునారు దినములకు పైగా సాగిన ఆ యాత్రలో సూర్యుడు నాలుగైదు మారులే చక్కగా కనబడెను. ఆ కొద్ది సమయములలో వర్స్లీ తీసిన లెక్కలే వారిని దరి చేర్చెను. లెక్కలు ఎందులకని విసుగుకొను విద్యార్థులు ఈ సంగతిని మరువరాదు. పిదప షాకిల్టను, వర్స్లీ, క్రీను ముప్పదియారు గంటలు నిలువక నడచి, అంతవరకు ఎవరును దాటని మంచుకొండలను దాటి, మే 20న తిమింగిలముల వేటగాండ్ర స్థావరమును చేరిరి. తాము ముగ్గురుగాక నాలుగవ వాడొకడు వెంట నడచుచున్నట్లు తోచెనని తరువాత ఆయన వ్రాసెను. మూడు ప్రయత్నములు విఫలము కాగా, నాలుగవసారి చిలీ దేశపు ఓడపై పోయి, ఆగస్టు 30న దీవిలోని 22 మందిని రక్షించెను.

ఐనను ఆయనయందు లోపములు లేకపోలేదు. అప్పులు ఆయనను ఎన్నడును విడువలేదు. ఖండము ఆవలి తీరమున ఆహారము దాచుటకు ఆయన పంపిన వారిలో ముగ్గురు మరణించిరి. పడవను సముద్రమునకు తగినట్లు కట్టిన వడ్రంగి మెక్‌నిష్, మంచుపై ఒకనాడు ఆజ్ఞను ధిక్కరించెను. తుదకు షాకిల్టను సిఫారసు చేయకపోవుటచే అతనికి ధ్రువపతకము రాలేదు. ఎవని చేతిపని వలన తాము బ్రతికిరో వానిపట్ల చూపిన ఈ కాఠిన్యము మన మనస్సునకు నొప్పి కలిగించును. గొప్పవారి మంచిని గ్రహింపవలెను. తప్పును తప్పని ఎరుగవలెను.

1921లో షాకిల్టను క్వెస్టు నౌకపై కడపటి యాత్రకు బయలుదేరెను. ఈసారి బాలభటులనుకూడ కొనిపోదలచెను. దరఖాస్తు చేసిన వందలాది బాలురలో ఇద్దరు ఎన్నికైరి. ఒకడు సముద్రవ్యాధికి తాళలేక తిరిగివచ్చెను. రెండవవాడగు జేమ్సు మార్ వంటయింట పాత్రలు కడుగుచు, బొగ్గు మోయుచు, విసువక పనిచేసెను. 1922 జనవరి 5న దక్షిణ జార్జియాలో షాకిల్టను గుండెజబ్బుచే నలువదియేడవ యేట మరణించెను. భార్య కోరిక మేరకు అచటనే సమాధి చేసిరి. నాయకుడు పోయినను మార్ ఆ దారి విడువలేదు. సముద్రజీవశాస్త్రజ్ఞుడై, 1943లో తానే యొక బృందమునకు నాయకుడై అంటార్కిటికాకు పోయెను.

మన దేశీయులును వెనుకబడలేదు. 1982 జనవరిలో ఖాసిం గారి నాయకత్వమున భారతీయుల ప్రథమబృందము అచట అడుగిడెను. 1983లో బయలుదేరిన బృందముతో సుదీప్త సేన్‌గుప్త, అదితి పంత్ అను విదుషీమణులు పోయిరి. కావున బాలికలకును ఆ ద్వారము తెరువబడియే యున్నది.

బాలబాలికలారా! ఆ మంచునేల వాతావరణమును, శిలలను, సముద్రమును శోధించు పని ఇంకను ముగియలేదు. అందు పాల్గొనగోరువారు నేటి పాఠమును, నేటి వ్యాయామమును, తమకు ఒప్పగింపబడిన చిన్నపనిని శ్రద్ధతో చేయుట నేర్వవలెను. ముందుకు సాగుటకెంత ధైర్యము వలయునో, తోడివారి ప్రాణముల కొరకు 97 మైళ్ల దూరమున వెనుకకు మరలుటకును అంత ధైర్యము వలయును. దానిని మీ తల్లిదండ్రుల యింటను, ఈ పాఠశాలయందును నేడే అభ్యసింపుడు.