వృథాపోవు వేడిమిని నిలిపిన ఫ్రాంక్లిన్

పూర్వము మన పల్లెలలోని వంటయిండ్లలో పెద్దపొయ్యి ప్రక్కనే కోడిపొయ్యి యను చిన్నపొయ్యి యుండెడిది. పెద్దపొయ్యి మంటనుండి తప్పించుకొని పోవు సెగ దానిలోనికి వచ్చి, దానిపై నుంచిన పాలనో నీళ్లనో కాచెడిది. దానికి వేరుగ కట్టెలు పెట్టవలసిన పని లేదు. వృథాగ పోవు వేడిమిని పట్టి పనిలో పెట్టుటయే దానిలోని యుపాయము. చలిదేశమైన ఉత్తర అమెరికాలో, పదునెనిమిదవ శతాబ్దమున, ఇట్టి యుపాయముతోనే ప్రజల యిండ్లను వెచ్చపరుపవలెనని యత్నించిన మహనీయుడు ఒకడు కలడు. అతడే బెంజమిన్ ఫ్రాంక్లిన్.

ఫ్రాంక్లిన్ 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. అతని తండ్రి జోసయ్య, జంతువుల క్రొవ్వుతో క్రొవ్వొత్తులును సబ్బును తయారుచేసి కుటుంబమును పోషించుచుండెను. ఆ తండ్రికి పదునేడుగురు సంతానము. వారిలో బెంజమిన్ పదునైదవవాడు. అంతటి కుటుంబమున చదువునకు ధనమెక్కడిది? రెండు సంవత్సరములు మాత్రమే బడికి పోయి, పదవయేట ఆ బాలుడు తండ్రికి తోడుగ వత్తులు కత్తిరించు పనిలో కుదిరెను. పండ్రెండవయేట అన్నయగు జేమ్సు ముద్రణాలయమున పనివాడయ్యెను. పగలెల్ల అక్షరములు కూర్చుచు, ఎరవు తెచ్చిన పుస్తకములను రాత్రులందు చదివి, తెల్లవారగనే తిరిగి యిచ్చివేయుచుండెను.

అన్న కోపిష్ఠి, తమ్ముని కొట్టుచుండెను. ఆ బాధలకు ఓర్వజాలక 1723లో, పదునేడేండ్ల ప్రాయమున, ఫ్రాంక్లిన్ ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా నగరమునకు పారిపోయెను. పరిచితులెవ్వరును లేని ఆ నగరమున అతడు మూడు రొట్టెలు కొని, రెండింటిని చంకలలో నిరికించుకొని, మూడవదానిని తినుచు వీధులవెంట నడచెను. తన యాకలి తీరిన తరువాత మిగిలిన రెండు రొట్టెలను పడవలో తనతో వచ్చిన యొక స్త్రీకిని ఆమె బిడ్డకును ఇచ్చివేసెను. అవసరమునకు మించినది ఇతరులకు చెందవలెనను స్వభావము అతనియందు నాడే కానవచ్చుచున్నది.

క్రమక్రమముగ అతడు స్వంత ముద్రణాలయమును స్థాపించి, పత్రికను నడపి, పంచాంగములను ప్రకటించి, ధనవంతుడయ్యెను. 1727లో తనవంటి యువకులను కొందరిని చేర్చి ఒక చర్చాగోష్ఠిని ఏర్పరచెను. 1731లో చందాలు పోగుచేసి గ్రంథాలయమును, 1736లో అగ్నిప్రమాదముల నార్పు సంఘమును నెలకొల్పెను. ఊరిలో ఏ లోపము కనిపించినను, దానిని సవరించు మార్గమేదియని ఆలోచించుట అతనికి అలవాటు.

ఆ కాలమున శీతకాలమే ప్రజలకు పెద్ద పరీక్ష. ఇండ్లలో గోడకు గూడువలె కట్టిన పొయ్యి యుండెడిది. దానిపై విశాలమైన పొగగొట్టము. కట్టెలు ఎన్ని వేసినను, వేడిమిలో అధికభాగము పొగతో కూడ గొట్టమువెంట ఆకాశమునకు పోవుచుండెను. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోగా, దాని స్థానమును నింపుటకు మంచువంటి చల్లగాలి తలుపుల సందులనుండి లోనికి దూసికొని వచ్చుచుండెను. పొయ్యియెదుట కూర్చున్నవారికి ముందువైపు కాలుచుండగనే, వెనుకవైపు గడ్డకట్టుచుండెను. చలి మిక్కుటమైన దినములలో ఇంటిల్లిపాది ఆ పొయ్యి చుట్టును మూగి, పని మాని కూర్చుండవలసి వచ్చెడిది.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. అడవులు నరకబడుచుండెను. ఒకప్పుడు ప్రతివాని వాకిటను దొరకిన కట్టెలను, కొన్ని పట్టణములకు దాదాపు నూరు మైళ్ల దూరమునుండి తేవలసి వచ్చుచున్నదని ఫ్రాంక్లిన్ గమనించెను. కట్టెలు కొనజాలని పేదవానికి చలికాలము ప్రాణాపాయమే. ఇన్ని కష్టములకోర్చి తెచ్చిన కట్టెలలోని వేడిమిని ఆకాశమున కర్పించుట అవివేకమని అతనికి తోచెను.

ఫ్రాంక్లిన్ మొదట ఇతరులు చేసిన పనిని శ్రద్ధతో పరిశీలించెను. జర్మనులు వాడు ఇనుపపెట్టెవంటి పొయ్యి గదిని వెచ్చపరచును గాని, గదిలోని గాలిని మార్చదు. మంటయును కంటికి కనబడదు. ఫ్రాన్సు దేశమున గోజే అను పండితుడు 1713లో ప్రకటించిన గ్రంథమున, పొయ్యి వెనుక బోలు గదులనుంచి, వానిగుండ గాలిని పోనిచ్చి వేడిచేయు పద్ధతిని వివరించెను. అది మంచి పద్ధతియే కాని, దానిని కట్టుటకు వ్యయ మధికము. ఈ పొయ్యిలలోని గుణములను గ్రహించి, దోషములను విడిచి, ఫ్రాంక్లిన్ క్రొత్తపొయ్యిని కల్పించెను.

ఆ పొయ్యి పోతపోసిన ఇనుపరేకులతో కూర్చినది. ముందువైపు తెరచియుండుటచే మంట కనబడుచుండును. మంటకు వెనుక ఒక సన్నని ఇనుపపెట్టె నిలువుగ నమర్చబడెను. బయటి చల్లగాలి నేలక్రింది కాలువగుండ ఆ పెట్టె యడుగుభాగమున ప్రవేశించును. పెట్టెలోని అడ్డుపలకల నడుమ వంకరలు తిరుగుచు పైకి పోవుచు వేడెక్కి, ప్రక్కలనున్న రంధ్రములగుండ గదిలోనికి వచ్చును. పొగ మాత్రము ఆ పెట్టెలో ప్రవేశింపదు. అది పెట్టెపైనుండి పోయి, దాని వెనుకవైపు క్రిందికి దిగి, నేలక్రిందుగ సాగి, పిమ్మట పొగగొట్టమున చేరును. ఇట్లు చుట్టుతిరిగి పోవుటచే, పొగలోని వేడిమి ఇనుపరేకులకును, వానినుండి గదిలోని గాలికిని సంక్రమించును. విషవాయువులతో కూడిన పొగ వేరుగను, మనుష్యులు పీల్చు గాలి వేరుగను పోవుట ఈ కల్పనలోని ముఖ్యవిషయము. వేడిమి మాత్రమే ఇనుమును దాటి వచ్చును.

తన యింటిలో మునుపటి కట్టెలలో నాలుగవవంతుతోనే గది రెండింతలు వెచ్చగ నుండెనని ఫ్రాంక్లిన్ ప్రకటించెను. అతడు పొయ్యి నమూనాను తన మిత్రుడగు రాబర్టు గ్రేసున కిచ్చెను. ముద్రణాలయము అప్పులలో పడినప్పుడు ధనమిచ్చి ఆదుకొనిన యిద్దరు స్నేహితులలో గ్రేసు ఒకడు. అతని యినుపకొలిమిలో ఆ రేకులు పోతపోయబడెను. 1744లో ఫ్రాంక్లిన్ ఒక చిన్నగ్రంథమును ముద్రించి, పొయ్యి భాగములను పటముతో సహ వర్ణించి, కూర్చు విధమును వాడు విధమును అందరకును తెలియునట్లు వివరించెను.

ఆ గ్రంథమును చదివి పెన్సిల్వేనియా గవర్నరగు థామస్ మిక్కిలి సంతసించి, కొన్ని సంవత్సరములవరకు ఆ పొయ్యిని అమ్ముటకు ఫ్రాంక్లినునకు మాత్రమే హక్కు ఉండునట్లు పేటెంటు ఇచ్చెదననెను. ఆ హక్కును స్వీకరించినచో ధనము దానంతట వచ్చి చేరును. ప్రభుత్వమే ఇచ్చుచుండగ పుచ్చుకొనుటలో తప్పును లేదు. కాని ఫ్రాంక్లిన్ దానిని నిరాకరించెను. పూర్వులును ఇతరులును కనిపెట్టిన వస్తువులవలన మనము ఎన్నియో లాభములు పొందుచున్నాము. కావున మన కల్పనలవలన ఇతరులకు మేలు చేయు అవకాశము దొరకినప్పుడు దానిని ఉచితముగ, సంతోషముతో చేయవలెనని అతని నిశ్చయము.

ఆ యౌదార్యమునకు వెంటనే పరీక్ష వచ్చెను. లండనులోని ఇనుపసామానుల వర్తకుడొకడు ఆ గ్రంథములోని విషయమును చాలవరకు తీసికొని, పొయ్యిలో స్వల్పమైన మార్పులు చేసి, తన పేర పేటెంటు సంపాదించి కొంత ధనము గడించెను. ఆ మార్పులవలన పొయ్యి చెడినదే గాని బాగుపడలేదు. అయినను ఫ్రాంక్లిన్ అతనితో వ్యాజ్యమాడలేదు. పేటెంటులవలన లాభపడు కోరిక అతనికి లేదు. వివాదములన్నను అతనికి గిట్టదు.

అయితే ఆ పొయ్యి నిర్దోషమైనది కాదు. పొగగొట్టము పొగను పైకి లాగవలెనన్నచో, పొగలో కొంత వేడిమి మిగిలియుండియే తీరవలెను. వేడిమినంతయు హరించినచో పొగకు పైకి పోవు శక్తి యుండదు. క్రిందికి దిగి మరల పైకెక్కవలసిన పొగ, గొట్టము చల్లబడియున్నప్పుడు వెనుకకు మరలి గదిని క్రమ్మివేయుచుండెను. అందుచేత తరువాతివారు పొగ క్రిందికి దిగు మార్గమును తీసివేసిరి. నేడు ఫ్రాంక్లిన్ పేరుతో పిలువబడు పొయ్యిలు అట్టివే. వేడిమిని పొదుపుచేయు వాడు ఎంత గ్రహింపవలెనో, ఎంత విడువవలెనో కూడ ఎరుగవలెనను పాఠమును ఆ పొయ్యియే నేర్పినది.

ఫ్రాంక్లిన్ ఆ విషయమును జీవితాంతము మరువలేదు. 1748లో వ్యాపారమును విడిచి శాస్త్రపరిశోధనకు పూనుకొనెను. పిడుగుపాటునుండి ఇండ్లను కాపాడు లోహపుకడ్డీని కల్పించి, దానికిని పేటెంటు తీసికొనలేదు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసెను; ఫ్రాన్సు దేశమున రాయబారిగ నుండి 1783 నాటి సంధి కుదిర్చినవారిలో నొకడయ్యెను. ఇన్ని రాజ్యకార్యముల నడుమ కూడ, బొగ్గును మండించి దాని పొగను సైతము కాల్చివేయు వేరొక పొయ్యిని లండనున కల్పించెను. 1785లో, డెబ్బదితొమ్మిదవయేట, ఫ్రాన్సునుండి స్వదేశమునకు మరలుచు, ఓడలో కూర్చుండి, వియన్నా నగరములోని ఇంగెన్‌హౌజ్ అను వైద్యమిత్రునకు దీర్ఘమైన లేఖ వ్రాసెను. పొగగొట్టములు పొగను గదిలోనికి ఏల విడుచును, వానిని సరిచేయుట యెట్లు అనునదే దాని విషయము.

తన నడవడిలోని దోషములను కూడ అతడు అట్లే సవరించుకొనెను. ఒకప్పుడు తన యింట బానిసలనుంచుకొనిన ఫ్రాంక్లిన్, 1787లో బానిసత్వనిర్మూలన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1790లో, మరణమునకు రెండు నెలల ముందు, బానిసత్వమును తొలగింపవలెనని అమెరికా శాసనసభకు విన్నపము పంపెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన, తన 84వయేట, ఫిలడెల్ఫియాలో పరమపదించెను. బోస్టను, ఫిలడెల్ఫియా నగరములకు చెరి వేయి పౌనులు విడిచి, ఆ ధనమును యువకులగు చేతిపనివారికి అప్పుగ నిచ్చుచుండవలెనని మరణశాసనమున వ్రాసెను. తానును అప్పు తెచ్చియే వృత్తిలో నిలద్రొక్కుకొనినవాడు గదా!

పొయ్యిలోని వేడిమి గొట్టమువెంట పోయినచో ఎవ్వరికిని ఉపకరింపదు. గదిలో వ్యాపించినచో అందరిని వెచ్చపరచును. మనుష్యుని తెలివియు అట్టిదే. ఫ్రాంక్లిన్ తన తెలివిని దాచుకొనక పదిమందికి పంచిపెట్టెను. దానిలోని లోపమును ఒప్పుకొని సవరించుటకు సిగ్గుపడలేదు. ఈ రెండు గుణములవలననే అతని పేరు నేటికిని చిరస్మరణీయమై యున్నది.