ఓషధీవేత్త నాగార్జునుడు

నాగార్జునాచార్యుని పేరు వినగానే పండితులకు శూన్యవాదము, పామరులకు బంగారము జ్ఞప్తికి వచ్చును. మూలికల మర్మమెరిగిన వైద్యుని తలచువారు అరుదు.

క్రీ.శ. 2వ శతాబ్ది ప్రాంతమున వెలసిన యీతడు దక్షిణాపథమున బ్రాహ్మణకులమున జన్మించెనని, 5వ శతాబ్ద్యారంభమున కుమారజీవుడు చీనాభాషలో వెలయించిన చరిత్ర తెలుపుచున్నది. యౌవనమున ముగ్గురు మిత్రులతో కూడి యొక మాంత్రికుని అదృశ్యవిద్య నడిగెను. వాడు విద్య చెప్పక గుళికలు మాత్రమే యిచ్చెను. రహస్యము తెలిసినచో వీరు మరల తన గడప తొక్కరని వాని యెన్నిక. నాగార్జునుడు గుళికను నీట నూరుచు, వాసనను బట్టియే అందలి డెబ్బది ద్రవ్యములను వాని పాళ్లతో చెప్పివేసెను! నలుగురును అదృశ్యులై అంతఃపురము చొచ్చిరి. భటుల కత్తులకు మువ్వురు కూలిరి. రాజు ప్రక్కన ఒదిగి నిలిచిన నాగార్జునుడొక్కడు బ్రదికి, సన్న్యసించెను.

ఆ పేరు గల వైద్యులు, సిద్ధులు పిమ్మట పలువురుండిరి. సుశ్రుతసంహితను సంస్కరించినవాడు, రసరత్నాకరకర్త, యోగశతకకర్త ఒక్కడే యనుట సాహసము. అయినను ఒక ముచ్చట చెప్పక తప్పదు. నాగార్జునుడు పాటలీపుత్రమున స్తంభముపై నేత్రౌషధమును వ్రాయించెనని వృందుడు తన సిద్ధయోగమున పేర్కొనెను. కరక్కాయ, తానికాయ, ఉసిరిక, శొంఠి, పిప్పళ్లు, మిరియములు, యష్టిమధుకము, వానితో మైలుతుత్తము మొదలగునవి చేర్చి నూరిన వర్తి యది. మాంత్రికుడు దాచినదానిని ఈ పేరివాడు బాటసారి సైతము చదువునట్లు రాతికెక్కించెను. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతపు పల్లెలలో నాటువైద్యుడు ఆకు పేరు చెప్పిన గుణము పోవునని దాచుట తెలిసినదే. నల్లమల చెంచులు తెచ్చు వేళ్లెన్నియో ఆ విధముగనే పేరు లేక సంచి చేరును.

ఆచార్యుని తుదిదినములు శ్రీపర్వతమున గడచెనని టిబెట్టువారి యైతిహ్యము. నల్లగొండ, గుంటూరు సీమల నడుమ కృష్ణాతీరమున నున్న నాగార్జునకొండయే అదియని ఇక్ష్వాకుల శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి. అచ్చటి శాసనమొకటి విగతజ్వరాలయమును పేర్కొనుచున్నది. జ్వరపీడితులను ఆదరించిన తావది యని పండితుల ఊహ. 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిగిన ఆ లోయ నేడు సాగరగర్భమున నున్నది.

అతని మరణగాథను 7వ శతాబ్దిలో హ్యూయాన్ త్సాంగ్ వ్రాసికొనెను. ఆచార్యుని ఔషధముచే శాతవాహనరాజు వృద్ధుడు గాక రాజ్యమేలుచుండ, సింహాసనము దక్కని కుమారుడు వచ్చి ఆచార్యుని శిరస్సునే భిక్షగా కోరెను. నాగార్జునుడు ఎండిన రెల్లుటాకుతో తన కంఠమును తానే కోసికొనెను.