హెర్మన్ ఫ్రామ్

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఆవిరియోడలకు ఒక వింత యాపద కలుగుచుండెను. తుపాను లేదు, కొండ తగులలేదు. అయినను ఇంజనునుండి ప్రొపెల్లరునకు పోవు లావైన ఉక్కు ఇరుసు నడిసముద్రమున విఱిగెడిది. ఇరుసు విఱిగిన యోడ అలలపాలు. ఇరుసును మఱింత లావు చేయుటయే మార్గమని ఎవరికైనను తోచును.

కారణమును కొలిచి చూపినవారిలో ముఖ్యుడు హెర్మన్ ఫ్రామ్. 1867లో జన్మించిన ఈ జర్మను ఇంజనీరు హాంబర్గు రేవునందలి బ్లోమ్ అండ్ ఫోస్ అను నౌకానిర్మాణ సంస్థలో పనిచేసెను. తిరుగుచున్న ఇరుసు ఎంత మెలిపడుచున్నదో కొలిచి, 1902లో ఫలితములను ప్రకటించెను. ఉయ్యాలను దాని ఊపునకు సరిపడ తోయుచుండిన, చిన్నబిడ్డయైనను మిన్నంట నూపగలడు. ఆవిరియంత్రపు త్రోపులును అట్టివే. అవి ఇరుసుయొక్క సహజమైన ఊపుతో కలిసినపుడు స్వల్పమైన మెలిక పెరిగి పెరిగి ఉక్కునే త్రుంచును. లావు ఒక్కటే కాదు, లయను కూడ చూడవలెను.

ఈ గుణమునే ఫ్రామ్ పనికి పెట్టెను. సన్నని ఉక్కు రేకులను వరుసగా అమర్చి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వేగమునకు శ్రుతి చేసెను. ఏ రేకు కంపించునో దానినిబట్టి యంత్రపు వేగము తెలియును. ఇట్టి మీటర్లను విద్యుత్కేంద్రములలో చిరకాలము వాడిరి.

1909లో ఆయన మఱియొక యుక్తికి పేటెంటు కోరెను. అదరుచున్న యంత్రమునకు స్ప్రింగుతో ఒక చిన్న బరువును తగిలించి, ఆ యదురు వేగమునకే శ్రుతి చేసినచో, బరువు తాను ఊగుచు ప్రతి త్రోపునకును ఎదురుత్రోపు నిచ్చును. యంత్రము నిలుకడ చెందును.

దీనినే నీటితో సాధించుట ఆయన సాహసము. హాంబర్గ్-అమెరికా లైన్ వారి యిపిరాంగా అను ప్రయాణికుల యోడ విపరీతముగా ఒరగుచు అపకీర్తి పొందెను. అందు రెండు ప్రక్కల తొట్లు కట్టించి, వాటిని అడుగున నీటిత్రోవతోను పైన గాలిగొట్టముతోను కలిపిరి. ఓడలో నీరనిన నావికుని గుండె గుభేలుమనును. అదుపులేక పారు నీరు ఓడను బోర్లద్రోయవచ్చును. ఫ్రామ్ ఆ నీటినే కావలెననెను! ఓడ ఒకమారు ఊగివచ్చు కాలమును, నీరు తొట్టినుండి తొట్టికి పోయివచ్చు కాలమును సమముగా నుండవలెను. అప్పుడు ఓడ అలకంటె ఒక ఊపులో పావువంతు వెనుకబడును. నీరు ఓడకంటె మఱి పావువంతు వెనుకబడును. కావున అల ఏ ప్రక్కను ఎత్తునో ఆ ప్రక్కనే నీటిబరువు అదుముచుండును. ఓడ బరువులో నూటికి ఒకటి రెండు పాళ్ల నీరే సాధారణముగా చాలును. యిపిరాంగా ఊపు మిక్కిలి తగ్గెను. 1911లో ఫ్రామ్ ఈ తొట్ల పరీక్షాఫలితములను ఇంగ్లండునందలి నౌకాశిల్పుల సంస్థకు నివేదించెను.

స్ప్రింగు బరువునకు ఒక లోపము మిగిలెను. యంత్రపు వేగము కొంచెము మాఱినచో, పాత ఊపునకు ఇరుప్రక్కల రెండు క్రొత్త ఊపులు తలయెత్తును. బరువుకదలికకు తగినంత నిరోధము చేర్చి దీనిని సవరించు విధమును 1928లో అమెరికాలో ఆర్మన్‌డ్రాయిడ్, డెన్ హార్టాగ్ అనువారు లెక్కగట్టి చూపిరి. ఫ్రామ్ 1939లో మరణించెను. 2004లో పూర్తియైన తైపే 101 అను ఎత్తైన మేడలో, గాలికి మేడ ఊగకుండుటకై, 660 టన్నుల ఉక్కు గోళము త్రాళ్లపై వ్రేలాడుచున్నది.