విమానానికి బంతి తగిలితే?

వైవాలో నోరు ఎండిపోయిన వాళ్లందరికీ ఈయన చుట్టమే. పేరు జాన్ లాంగెనస్. 1891లో బెల్జియంలో పుట్టాడు. ఫుట్‌బాల్ రిఫరీ అవుదామని పరీక్షకి వెళ్తే, బాగా కిందికి ఎగురుతున్న విమానానికి బంతి తగిలితే ఏం చేస్తావని అడిగారట. పాపం, ఏం చెప్పాలో తోచలేదు. ఫెయిల్! (అది అసలు ఏ సిలబస్‌లో ఉందో నాకైతే తెలీదు.)

తర్వాత పాసయ్యాడు. 1930 జూలై 30న మాంటెవీడియోలో మొట్టమొదటి ప్రపంచ కప్ ఫైనల్, ఉరుగ్వే మీద అర్జెంటీనా. పక్కపక్క దేశాలు, పాత పగలు. అభిమానులు ఓడలెక్కి నది దాటి వచ్చారు. లాంగెనస్ చివరి గంటల దాకా ఒప్పుకోలేదు. తనకి రక్షణ కావాలన్నాడు, మ్యాచ్ అయ్యాక వెళ్లిపోవడానికి రేవులో ఓడ సిద్ధంగా ఉంచమన్నాడు. భయం లేనట్టు నటించకుండా, భయానికి తగ్గ ఏర్పాట్లు చేసుకున్నాడు. నాకు ఆయనలో నచ్చింది అదే.

కోటు, టై, మోకాళ్ల దాకా వదులు లాగు వేసుకుని మైదానంలోకి దిగాడు. తీరా చూస్తే బంతి దగ్గరే గొడవ, ఎవరి బంతితో ఆడాలని! మొదటి సగం అర్జెంటీనా బంతితో, రెండో సగం ఉరుగ్వే బంతితో ఆడించారు. సగానికి అర్జెంటీనా 2-1తో ముందుంది. చివరికి ఉరుగ్వే 4-2తో గెలిచింది.

లాంగెనస్ క్షేమంగా ఇల్లు చేరాడు. 1934, 1938 ప్రపంచ కప్పుల్లోనూ విజిల్ ఊదాడు. 1952లో చనిపోయాడు. ఆ విమానం ప్రశ్న మాత్రం ఆయన ఆడించిన ఏ ఫైనల్లోనూ రాలేదు.