అట్ట మీద పేరు ఒకటి, రాసిన చేతులు ఎన్నో

నాన్సీ డ్రూ పుస్తకాల అట్ట మీద కనిపించే కెరోలిన్ కీన్ అనే రచయిత్రి అసలు లేనే లేరు. హార్డీ బాయ్స్ రాసిన ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ కూడా అంతే. ఈ పేర్లను సృష్టించింది ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్.

ఆయన 1862లో అమెరికాలో, న్యూజెర్సీలోని ఎలిజబెత్ పట్టణంలో జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. తండ్రిది పొగాకు దుకాణం. 1889లో పిల్లల పత్రికలో వచ్చిన కథకు ఆయనకు 75 డాలర్లు ముట్టాయి. పదేళ్లకు, 1899లో, ఆర్థర్ ఎం. విన్‌ఫీల్డ్ అనే మారుపేరుతో రోవర్ బాయ్స్ వరస మొదలుపెట్టారు. పిల్లలు ఎగబడి చదివారు.

అడిగినన్ని పుస్తకాలు ఒక్క చేతితో రాయడం కుదరదు. అందుకే 1905 ప్రాంతంలో ఒక రచనా సంస్థ పెట్టారు. కథ ఎలా నడవాలో రెండు మూడు పేజీల్లో తాను రాసిచ్చేవారు. వేరొకరు దాన్ని పుస్తకంగా పెంచితే, తానే దిద్ది అచ్చుకు పంపేవారు. ధర యాభై సెంట్లే. రాసినవారికి ఒక్కసారి డబ్బు ఇచ్చేవారు. పుస్తకం మీద హక్కు, పేరు రెండూ సంస్థవే. రచయిత మానేసినా అట్ట మీద పేరు మారదు, వరస ఆగదు.

1930 ఏప్రిల్ చివర తొలి నాన్సీ డ్రూ పుస్తకాలు వచ్చాయి. రెండు వారాలు తిరక్కుండానే, మే 10న ఆయన కన్నుమూశారు. కూతుళ్లు హ్యారియెట్, ఎడ్నా సంస్థను నడిపారు. తొలి 30 పుస్తకాల్లో 23 రాసిన మిల్డ్రెడ్ బెన్సన్‌కు మొదటి పుస్తకానికి దక్కింది 125 డాలర్లు. ఆమె పేరు లోకానికి బాగా తెలిసింది 1980లో, న్యూయార్క్ కోర్టులో ఒక వ్యాజ్యంలో సాక్ష్యం చెప్పినప్పుడే. అప్పటికి యాభై ఏళ్లు గడిచిపోయాయి.

ఇరుగుపొరుగు భాషల నడుమ తెలుగు చదివే మన పిల్లలకు బడిలో కథల పుస్తకాలు తక్కువ. తర్వాతి భాగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పిల్లవాడికి చదవమని చెప్పే పని ఉండదు. స్ట్రాటెమేయర్‌కు ఆ కిటుకు తెలుసు. ఒకరు కథకు దారి వేసి, నలుగురు పంచుకుని రాసే ఆయన పద్ధతిని ఉపాధ్యాయులం, పెద్ద తరగతుల పిల్లలం కలిసి మన బడిలోనూ పెట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం మార్చుకుందాం. రాసిన ప్రతి పిల్లవాడి పేరూ, ప్రతి పిల్ల పేరూ అట్ట మీద తెలుగులో వేద్దాం. తన పేరున్న పుస్తకాన్ని ఇంట్లో అందరికీ చూపించని పిల్లలుంటారా?