సూరి భగవంతం

బ్రహ్మాండమునందలి ధర్మమును పిండాండమున చూడగలుగుట విజ్ఞానుల నేర్పు. స్ఫటికముల విషయమున అట్టి నేర్పు చూపిన ఆంధ్రులలో డాక్టరు సూరి భగవంతం గారు ముఖ్యులు.

వారు 1909వ సంవత్సరమున నాటి కృష్ణాజిల్లాయందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా చేరి, సి. వి. రామన్ గారికి శిష్యులైరి. 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున అధ్యాపకులుగా ప్రవేశించి, పిదప భౌతికశాస్త్రమున ఆచార్యులైరి.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసిరి. విశ్వకళాపరిషత్తు గుంటూరునకు తరలవలసి వచ్చెను. ఊరు మారినను భగవంతం గారి పరిశోధన ఆగలేదు. ఆ యుద్ధకాలముననే వారును, సహపరిశోధకులగు భీమసేనాచారి గారును వజ్రము ఒత్తిడిని ఎంత గట్టిగా ఎదిరించునో కనుగొన పూనిరి. వజ్రపు పలకలోనికి చెవికి వినరాని అతిధ్వని తరంగములను పంపి, వాని వేగమును కొలిచిరి. ఆ వేగపు వర్గమును వజ్రపు సాంద్రతచే గుణించిన దాని స్థితిస్థాపకత తెలియును. సాంద్రత తప్పినచో లెక్కయంతయు తప్పును.

సాంద్రతను త్రాసు లేకయే తెలిసికొను మార్గమొకటి కలదు. చినగంజాము ఉప్పుమళ్ళలోని ఉప్పురవ్వను పరికింపుడు. అది చిన్న ఘనమువలె నుండును. ఇటుకలచే గోడవలె, ఒకే కొలతగల సూక్ష్మమైన గదులచే స్ఫటికమంతయు ఏర్పడుటయే దీనికి కారణము. ఆ గదినే యూనిట్ సెల్ అందురు. దాని కొలతను ఎక్స్-కిరణములు తెలుపును.

వజ్రమున గది అంచు 3.567 ఆంగ్‌స్ట్రాములు. పదికోట్ల ఆంగ్‌స్ట్రాములు ఒక సెంటీమీటరు. కావున గది ఘనపరిమాణము 4.54×10⁻²³ ఘన సెంటీమీటరులు. మూలలందలి 8 కర్బన పరమాణువులలో ఒక్కొక్కదాని ఎనిమిదవ పాలు, ముఖములపైని ఆరింటిలో ఒక్కొక్కదాని సగపాలు, లోపలి నాలుగును కలిపి గదికి వచ్చునవి 8. పరమాణుభారము 12 గనుక, 96ను అవగాడ్రో సంఖ్యయగు 6.022×10²³చే భాగింపగా గది ద్రవ్యరాశి 1.594×10⁻²² గ్రాములు. దీనిని ఘనపరిమాణముచే భాగించిన, సాంద్రత ఘన సెంటీమీటరునకు 3.51 గ్రాములగును. అదే కర్బనము గ్రాఫైటులో వేరువిధముగ అమరుటచే దాని సాంద్రత సుమారు 2.26 మాత్రమే. పదార్థమొక్కటే, అమరికయే భేదము.

వజ్రమును గూర్చిన ఫలితములను లండను రాయల్ సొసైటీ 1946లో ప్రకటించెను. అమరికలోని సౌష్ఠవమును గణితముచే వివరించు గ్రంథమును భగవంతం గారు వెంకటరాయుడు గారితో కలిసి 1948లో వెలువరించిరి. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగను, బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థ సంచాలకులుగను, రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగను పనిచేసి, 1989లో పరమపదించిరి.

ఇల్లు విడువవలసి వచ్చినను పని విడువరాదని వారి జీవితము మనకు బోధించుచున్నది.