పరదేశిగా వచ్చి మనవారైన గురువు

పులివెందుల దాటి కదిరి మీదుగా అనంతపురం వెళ్లే దారిలో బత్తలపల్లి ఉంది. అక్కడి పెద్దాసుపత్రికి మీలో కొందరు వైద్యం కోసం వెళ్లే ఉంటారు. దానిని కట్టించిన విన్సెంట్ ఫెర్రర్ గారి సమాధి కూడా ఆ ఊరిలోనే ఉంది. ఆయన బ్రతుకు కథను మీ పిల్లలకు చెప్పండి.

ఫెర్రర్ గారు 1920 ఏప్రిల్ 9న స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో జన్మించారు. 1936లో ఆ దేశంలో అంతర్యుద్ధం రేగింది. 1938లో, ఇంకా నూనూగు మీసాల వయసులోనే, ఆయన చేతికి తుపాకి ఇచ్చారు. ఎబ్రో నది ఒడ్డున జరిగిన ఘోర యుద్ధాన్ని ఆయన కళ్లారా చూశారు. ఓడిన సైన్యంతో సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరితే, సముద్రపు ఇసుకలో ముళ్లకంచెల శిబిరం ఎదురైంది. స్వదేశానికి తిరిగి వెళ్తే అక్కడా నిర్బంధమే.

ఇన్ని బాధలు పడిన మనిషి పగతో రగిలిపోవచ్చు. ఆయన మాత్రం 1944లో న్యాయశాస్త్రం చదువు మాని యేసుసభలో చేరారు. 1952లో బొంబాయిలో ఓడ దిగారు. గురుపట్టం పొంది, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో కరువు రైతుల మధ్య నిలిచారు. ఎవరి బావిని వారే తవ్వుకోవాలని నేర్పి, తవ్వినన్నాళ్లు వారికి గోధుమలు, నూనె అందించారు. పేదలు తలెత్తడం గిట్టనివారు ఊరుకోలేదు. 1968లో ఆయనను దేశం విడిచి పొమ్మన్నారు. వేలాది రైతులు కాలినడకన బొంబాయి వెళ్లి మొర పెట్టుకున్నారు. 1969లో ఆయన తిరిగి వచ్చినప్పుడు చోటిచ్చింది మన ఆంధ్రప్రదేశే. వానలు కరువైన అనంతపురాన్నే ఆయన తన ఇల్లు చేసుకున్నారు. మనం ఆర్.డి.టి. అని పిలుచుకునే సంస్థ అలా పుట్టింది.

1970లో ఆయన యేసుసభను విడిచి, అన్నే గారిని వివాహమాడారు. ఈ మాటకు మీలో కొందరి మనసు చివుక్కుమనవచ్చు. అయినా దాచి చెప్పడం తగదు. దివ్యబలిపూజ అర్పించేవారినీ, పాఠం చెప్పేవారినీ మనం గురువనే పిలుస్తాం. ఆయన మొదటి పీఠం దిగారు గాని రెండవది విడువలేదు. బడిముఖం చూడని దళితవాడల బిడ్డలకు పల్లెపల్లెనా చదువు చెప్పించారు. 2009 జూన్ 19న అనంతపురంలో కన్నుమూసేదాకా పేదలే ఆయన కుటుంబం.

కన్న దేశంలో ఓడి, వచ్చిన దేశం నుంచి గెంటివేయబడిన మనిషికి ఒక జిల్లా తలుపు తీసింది. ఆ తలుపు మూసి ఉంటే ఎన్ని ఇళ్లలో దీపం వెలిగేది కాదో ఆలోచించండి. పొట్ట చేతబట్టుకుని పరాయి ఊరి కుటుంబం ఏదైనా మీ విచారణకు వచ్చి ఉందా? వచ్చే ఆదివారం పూజ ముగిశాక వారి పేరు అడగండి, వారి పిల్లలు బడికి వెళ్తున్నారో లేదో కనుక్కోండి.